చేతులమీద నీళ్లు పోసినవాడు

పాఠ్యభాగములు: 1 రాజులు 19:15–21, 2 రాజులు 3:9–12



దేవుని పిలుపు అనగానే మనకు మండుచున్న పొదయు, దమస్కు త్రోవలోని వెలుగును జ్ఞాపకము వచ్చును. ఎలీషాకు వచ్చిన పిలుపులో అట్టివేవియు లేవు. అతడు పొలము దున్నించుచుండెను. పండ్రెండు అరకలు సాగుచుండగా కడపటి అరక తానే తోలుచుండెను. పండ్రెండు అరకలు కట్టగల రైతు ఏ గ్రామమునందైనను పెద్ద రైతే. అయినను ఆ యింటి కుమారుడు గట్టుమీద నిలువక, చాలులో నడచుచుండెను. ఏలీయా దగ్గరకు వచ్చి తన దుప్పటి అతనిమీద వేసెను. అప్పుడు ఏ మాటయైనను చెప్పినట్లు వ్రాయబడలేదు.

ఎలీషా తలిదండ్రులయొద్ద సెలవు పుచ్చుకొనగోరెను. పిమ్మట కాడి యెడ్లను వధించి, కాడి పనిముట్లనే వంటచెరకుగా చేసి జనులకు వడ్డించెను. ఎడ్ల విలువ ఎరిగిన మనకు ఈ వచనము చదువునప్పుడు గుండె కలుక్కుమనును. అమ్మి సొమ్ము దాచుకొనవచ్చును గదా! అతడు మరల వచ్చి పట్టుకొనుటకు ఆ మేడిని మిగుల్చుకొనలేదు.

ఇంత విడిచి అతడు పొందిన పని యేమి? ఏలీయాకు ఉపచారము చేయుట. ఆ తరువాత మొదటి రాజుల గ్రంథము ముగియువరకు ఎలీషా పేరే కనబడదు. రెండవ గ్రంథము రెండవ అధ్యాయములో గాని అతడు మరల మనయెదుటికి రాడు.

మూడవ అధ్యాయములో ముగ్గురు రాజుల సేనలు నీళ్లులేక అలమటించుచుండగా, యెహోషాపాతు ప్రవక్త ఎవడైన కలడా అని విచారించెను. అప్పటికే ఎలీషా యొర్దానును పాయలు చేసియుండెను. యెరికో నీళ్లను బాగుచేసియుండెను. అయితే ఇశ్రాయేలు రాజు సేవకుడు వాటిని చెప్పలేదు. ఏలీయా చేతులమీద నీళ్లు పోసినవాడని చెప్పెను. మన యిండ్లలో పెద్దలు భోజనమునకు లేచునప్పుడు చెంబు పట్టుట చిన్నపిల్లవాని పని. ప్రవక్తకు అదియే గుర్తు ఆయెను. ఆ మాట వినిన యెహోషాపాతు వెంటనే యెహోవా వాక్యము ఇతనియొద్ద ఉన్నదని ఒప్పుకొనెను.

ఇచ్చట మనలను మనము పరీక్షించుకొందము. ప్రసంగించుటకు పిలుపు కలిగినదనువారము, ఆదివారమున మందిరములో చాపలు పరచుటకు ముందుగా వచ్చుచున్నామా? వాక్యపఠనములోను ఇట్లే. కీర్తనలు చదువునప్పుడు హృదయము కరగును. లేవీయకాండమునకు వచ్చినప్పుడు మనస్సు కదలదు. గ్రంథము మూసి పెట్టుదుము. కాని నీళ్లు పోసిన దినములన్నిటను ఎలీషా ఏలీయా మాట వినుచుండెను, అతని ప్రార్థన చూచుచుండెను. మనము కదలని దినమున చదివిన వాక్యము ఏ కరవు దినమున అక్కరకు వచ్చునో మనకు తెలియదు.

అయితే అందరును కాడి కాల్చవలెనా? కాదు. అదే అధ్యాయము 18వ వచనములో బయలుకు మోకాలూనని ఏడువేలమందిని దేవుడు లెక్కపెట్టెను. వారిలో ఒక్కరి పేరైనను అచ్చట వ్రాయబడలేదు. ఏలీయాయే వారిని ఎరుగడు; తానొక్కడనే మిగిలితిననుకొనెను. దున్నుచునే, కాపురములు చేసికొనుచునే నమ్మకముగా నిలిచినవారు వారిలో ఎందరో! వారి పిలుపు తక్కువదని మనమెట్లు చెప్పగలము?

ఇక ఆ దుప్పటి మాట. పొలములో అది ఎలీషామీద పడెను గాని ఆ దినమున అతనిది కాలేదు. ఏలీయా ఆరోహణమైన దినమున అది క్రింద పడియుండగా, నీళ్లు పోసిన ఆ చేతులతోనే అతడు దానిని ఎత్తుకొనెను.