జంట టైర్లలో ఒకటి పోతే

సాలూరు

చిరంజీవి మేనల్లుడికి,

పది టైర్ల లారీ దిగి ట్రైలరు ఎక్కావని అక్క ఫోనులో చెప్పింది. విశాఖలో ఉక్కు కడ్డీలు ఎక్కించుకుని మన ఊరి మీదుగానే కోరాపుట్, జైపూరు దాటి రాయపూరు వెళ్తున్నావట. సంతోషం. లారీలు పెట్టి బతికిన ఊరివాడివి, నీకు పంచరు వెయ్యడం నేర్పాలని ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ పని క్లీనరుగా ఉన్న రోజుల్లోనే నేర్చావు. పంచరు అయిందని నీకు ఎలా తెలుస్తుంది? ట్రైలరుకి అసలు చిక్కు అక్కడుంది.

లారీలో వెనక టైరు దిగితే బండి ఒక పక్కకి లాగుతుంది, సీటులో కూర్చున్న నీ నడుముకే తెలుస్తుంది. ట్రైలరుకి ఆ సౌకర్యం లేదు. ముందున్న ఇంజన్ బండికీ వెనక ఉన్న ట్రైలరుకీ కలిసేది ఒక్క కింగ్‌పిన్ దగ్గరే. వెనక మూడు ఇరుసులు, జంటలుగా పన్నెండు టైర్లు. వాటిలో ఒకటి గాలి పోగొట్టుకుంటే మిగిలిన పదకొండూ గుట్టుగా మోసుకుపోతాయి. స్టీరింగులో ఏమీ తెలియదు. అద్దంలో పొగ కనబడేదాకానో, పక్కన దాటిపోయే బైకు కుర్రాడు చెయ్యి ఊపి కేకెయ్యేదాకానో నువ్వు పాటలు వింటూనే ఉంటావు.

ఈ లెక్క ఒకసారి చూడు. 2018లో కేంద్రం ఇరుసు బరువుల పరిమితి పెంచింది. మూడు ఇరుసుల ట్రైలరుకి వెనక 24 టన్నులుండేది 27 అయింది. టైర్లు మాత్రం అవే పన్నెండు. అంటే పూర్తి లోడులో ఒక్కో టైరు మీద రెండుంపావు టన్నులు. ఇప్పుడు నీ టెన్-ట్వంటీ రేడియల్ టైరు గోడ మీద చూడు, చాలావాటికి 146/143 అని ఉంటుంది. మొదటి అంకె ఆ టైరు ఒంటరిగా ఉంటే మోసే బరువుకి గుర్తు, 3000 కిలోలు. రెండోది జంటలో ఉంటే మోసేదానికి, 2725 కిలోలు. జంటలో ఒకటి దిగిపోయిందంటే దాని వాటా దాదాపు అంతా పక్కదాని మీదే పడుతుంది. మూడు టన్నుల టైరు మీద నాలుగున్నర టన్నులు! ఓనర్లు చాటుగా ఎక్కించే అదనపు బరువు నేను లెక్కలో వెయ్యనే లేదు.

అందుకే ఒకటి పేలిన ట్రైలరుకి కాసేపట్లో రెండోది కూడా పేలుతుంది. అందరూ ఖర్మ అంటారు. ఖర్మ కాదు, కూడిక.

మేకు దిగితే టైరుకి చిల్లు పడుతుంది, అంతే. దాన్ని చంపేది వేడి. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టుకీ గోడ దగ్గర నలిగి మళ్ళీ సాగుతుంది. ఆ నలుగుడుకి లోపల రబ్బరూ తీగలూ కాలుతాయి. జంట టైర్లు ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయంటే మంట కూడా పుడుతుంది. అలా రాజుకున్నప్పుడు బండిలో ఉన్న చిన్న సిలిండరు మంటని అణుస్తుంది గాని లోపలి వేడిని తియ్యలేదు, పది నిమిషాల్లో మళ్ళీ అంటుకుంటుంది. దానికి నీళ్ళు కావాలి, అవీ బాగా కావాలి. అందుకని ముందు 101కి ఫోను చెయ్యి. ఆ టైరు గోడకి ఎదురుగా మాత్రం నిలబడకు.

కాబట్టి ఆగి చూడడం నీ డ్యూటీలో భాగం. బయల్దేరిన మొదటి గంటలో ఒకసారి, ఆ తరవాత టీకి ఆగినప్పుడల్లా, చుట్టూ నడిచి రా. మనవాళ్ళు రాడ్డుతో టైరు మీద కొట్టి చప్పుడు వింటారు. అది పూర్తిగా దిగిపోయిన టైరుని పట్టిస్తుంది. పాతిక పౌండ్లు తగ్గినదాన్ని పట్టించదు, ఎంత అనుభవం ఉన్న చెవికైనా సరే. నలభై ఏళ్ళ సర్వీసు అని మీసం తిప్పేవాళ్ళని గేజి పెట్టి చూపించి ఊరుకోబెట్టాను. మంచి గేజి ఒకటి కొనుక్కో, ఓనరు ఇవ్వకపోతే నీ బత్తాలోంచే కొనుక్కో.

గేజి పెట్టేది పొద్దున్నే, బండి కదలకముందు. టైరుకి కంపెనీ చెప్పే గాలి లెక్క చల్లని టైరుకే. ఎండలో నాలుగు గంటలు నడిచాక పది, పదిహేను పౌండ్లు పెరగడం మామూలే. అది చూసి కంగారుపడి గాలి తీసెయ్యకు. తీశావంటే చల్లారాక తక్కువ గాలితో ఉంటుంది, పైన చెప్పిన రోగమంతా అక్కడే మొదలవుతుంది. వేసవిలో గాలి తగ్గించాలని ధాబాల దగ్గర సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది. దండం పెట్టి వచ్చెయ్యి.

మధ్యాహ్నం ఆగినప్పుడు గేజి కన్నా చెయ్యి నయం. అరచేతి వెనక భాగం టైరుకి దగ్గరగా పెట్టు, తరవాత హబ్బుకి. అన్నీ ఒకేలా వెచ్చగా ఉంటే పర్వాలేదు. ఒక్క టైరు మిగతావాటికన్నా వేడిగా ఉంటే అందులో గాలి తక్కువ, లేదా దాని జంటలో తక్కువై ఇది ఎక్కువ మోస్తోంది. టైరు మామూలుగా ఉండి హబ్బు కాలుతోందంటే అది బ్రేకు పట్టేయడమో బేరింగు పోవడమో, పంచరు కొట్టువాడు చేసేదేం లేదు. జంట మధ్యలో రాయి ఇరుక్కుందేమో కూడా చూడు. రాడ్డుతో తీసెయ్యి.

నీ దారిలో వచ్చే సుంకి ఘాటు సంగతి వేరేగా చెప్పాలి. తిరుగు లోడుతో పొట్టంగి దాటి కిందికి దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడితే డ్రమ్ములు ఎర్రగా కాగుతాయి. ఆ వేడి రిమ్ముకి, రిమ్ము నుంచి ఫ్లాపుకి, ట్యూబుకి పాకుతుంది. బండి నడుస్తున్నంతసేపూ గాలి తగిలి కాస్త తగ్గుతుంది, ఘాటు దిగి ఆపాక వేడంతా లోపలికే వెళ్తుంది. ఆగి టీ తాగుతుంటే నిలబడున్న బండి టైరు పేలిందని వింటావే, అది ఇలాగే. ఎక్కిన గేరులోనే దిగు. దిగాక బండిని అలాగే చల్లారనివ్వు, డ్రమ్ము మీద నీళ్ళు పొయ్యకు, పగులుతుంది.

ఇప్పుడు పేలనే పేలిందనుకో. వెనక ట్రైలరులోదైతే సడన్ బ్రేకు వద్దు, కాలు మెల్లగా తీసి, బండిని తిన్నగా ఉంచి, వేగం దానంతటదే తగ్గనివ్వు. ముందు స్టీరింగు టైరు పేలినా అంతే, కాకపోతే స్టీరింగుని రెండు చేతులా బిగించి పట్టుకోవాలి. భయంతో బ్రేకు తొక్కావంటే ఇంజన్ బండి ఒక దిక్కు, ట్రైలరు ఇంకో దిక్కు తిరిగి మడతపడతాయి.

ఎక్కడ ఆపాలన్నది టైరు ధర కన్నా పెద్ద విషయం. మలుపులో ఆపకు. వంతెన మీద ఆపకు. ఎప్పుడైనా విజయవాడ వైపు లోడు దొరికి జొన్నాడ దగ్గరో సిద్ధాంతం దగ్గరో గోదావరి మీద ఉండగా టైరు పోయిందనుకో, నెమ్మదిగా పాకించుకుంటూ వంతెన దాటేసెయ్యి. టైరు ఎలాగూ పోయింది, రిమ్ము కూడా పోతే పోనీ. ఓనరు తిడితే నా పేరు చెప్పు. వేంపాడు, కలపర్రు లాంటి టోల్‌గేట్లు దగ్గర్లో ఉంటే అక్కడిదాకా పోవడం మేలు, వెలుతురు ఉంటుంది, మనుషులుంటారు. జాతీయ రహదారుల్లో ఎక్కడున్నా 1033కి ఫోను చెయ్యొచ్చు.

ఆపాక మొదటి పని జాకీ కాదు, హెచ్చరిక త్రికోణం. ఎనభైలో వచ్చే బండి సెకనుకి 22 మీటర్లు వస్తుంది. నువ్వు పది మీటర్ల దూరంలో త్రికోణం పెడితే వాడికి అర సెకను ఇచ్చినట్టు. పగలు కనీసం యాభై మీటర్లు, చీకట్లో వంద. క్లీనరుని రోడ్డు వైపు నిలబెట్టకు. రాత్రిపూట ఆగిన ట్రైలరు వెనక దూరిపోయిన కార్లని నువ్వూ చూసే ఉంటావు.

టైరు విప్పే పని నీకు తెలిసిందే అన్నాను గాని, ట్రైలరు దగ్గర కొన్ని గట్టిగా చెప్పాలి. నట్లు విప్పకముందే, జంటలో రెండు టైర్ల వాల్వు పిన్నులూ తీసి గాలి పూర్తిగా వదిలెయ్యి. రిమ్ము దెబ్బతిని ఉంటే, నట్లు పట్టుకున్నంతసేపే దాని లాకు రింగు ఆగి ఉంటుంది. పక్కదానికి మళ్ళీ గాలి కొట్టుకోవాలే అని బద్ధకించకు. చక్రం నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేసి, మిగతా చక్రాలకి అడ్డు పెట్టి, అప్పుడు జాకీ ఎత్తు. జాకీ కింద గట్టి చెక్క దిమ్మ వెయ్యి, వేసవి తారు మెత్తబడి ఉంటుంది. ఇరుసు కింద, కమాన్ కట్టకి దగ్గరగా పెట్టు. లేచాక ఇంకో దిమ్మ ఊతగా పెట్టేదాకా కిందికి చెయ్యి పోనివ్వకు. కొన్ని పాత బళ్ళలో ఎడమ పక్క నట్లకి ఎడమ మర ఉంటుంది, బోల్టు కొసన గుర్తు చూసుకో, లేకపోతే విప్పుతున్నాననుకుని బిగిస్తావు.

ఇక రింగు. ట్యూబు టైరు రిమ్ముకి ఉండే లాకు రింగు మన పనిలో మనుషుల్ని చంపే వస్తువు. సరిగ్గా కూర్చోని రింగు గాలి కొడుతుండగా ఎగిరిందంటే తప్పుకునే వ్యవధి ఉండదు. గాలి కొట్టేటప్పుడు టైరుని ఇనుప బోనులో పెట్టే షాపుకే వెళ్ళు. బోను లేనిచోట రింగు వైపు నేలకి తిప్పి, గొలుసు చుట్టించి, పొడుగు పైపుతో పక్కన నిలబడి కొట్టించు. రింగుని సుత్తితో సర్దాలంటే గాలి మొత్తం తీశాకే. ఇంకోటి, గాలి లేకుండా దూరం నడిచిన రేడియల్ టైరుకి బండి మీదే మళ్ళీ గాలి కొట్టించకు. గోడలోని ఉక్కు తీగలు అప్పటికే విరిగి ఉంటాయి, పైకి కనబడవు, జిప్పు విప్పినట్టు ఒక్కసారిగా చీరుకుపోతుంది. విప్పించి, లోపల చేత్తో తడిమి చూసిన తరవాతే.

వేసే స్టెప్నీ కూడా చూసుకోవాలి. అందులో గాలి ఉందా అని రోడ్డు మీద కాదు, షెడ్డులో చూడాలి. అరిగిపోయినదాని పక్కన కొత్తది వేస్తే పెద్దదాని మీదే ఎక్కువ బరువు పడుతుంది, సాటిదాన్నే జంట కట్టు. ఒకే ఇరుసు మీద నైలానూ రేడియలూ కలపకు. రీబటన్ టైరు వెనక వెయ్యి, ముందు ఎప్పుడూ వద్దు. టైరు వయసు గోడ మీది నాలుగంకెల్లో ఉంటుంది, 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. బటన్ ఎంత బాగున్నా ముసలి టైరుని పూర్తి లోడు కింద నమ్మను.

బిగించేటప్పుడు వరసగా కాక ఎదురెదురు నట్లు పట్టు. యాభై, వంద కిలోమీటర్లు పోయాక ఆగి మళ్ళీ బిగించు. ఇది చెయ్యనివాళ్ళే ఎక్కువ. దాటిపోతున్న ట్రైలరు చక్రాలు ఊడి ముందుకి దొర్లిపోయిన వార్త చదివినప్పుడల్లా నాకు వాళ్ళే గుర్తొస్తారు.

బయల్దేరే ముందు, రోడ్డు మీద గుర్తుకోసం పెట్టిన రాళ్ళూ తుమ్మ కొమ్మలూ నీ చేత్తో తీసి పక్కన పారెయ్యి. పని అయిపోగానే వాటిని అక్కడే వదిలి పోవడం మన డ్రైవర్లకున్న పాడు అలవాటు. త్రికోణాలు బండిలోకి వచ్చాయో లేదో చూసుకో. తరవాత వచ్చే ఊళ్ళోనే పాడైన టైరు బాగు చేయించు, స్టెప్నీ లేకుండా ఘాటు ఎక్కకు.

వచ్చే ట్రిప్పులో సాలూరులో ఆగితే నా పాత ఇరవై టన్నుల జాకీ తీసుకుపో, దానికి సీలు మార్పించి ఉంచాను. అక్కని అడిగానని చెప్పు.

ఇట్లు
మామయ్య