నిద్ర, మద్యము, విద్యార్థి

నిద్ర సోమరితనము కాదు. పగలంతయు శ్రమించిన శరీరమును మనస్సును బాగుపడు వేళ అది. పగలు చదివిన పాఠము మెదడునందు స్థిరపడుటకు రాత్రి నిద్ర ఎంతయు అవసరము. 13 మొదలు 18 ఏండ్ల వయస్సువారికి 8 నుండి 10 గంటలును, ఆపైన 25 ఏండ్ల వరకు 7 నుండి 9 గంటలును నిద్ర ఉండవలెనని వైద్యులు చెప్పుచున్నారు. యౌవనమున నిద్ర వచ్చు వేళ సహజముగనే కొంత ఆలస్యమగును. కళాశాల గంట మాత్రము ఉదయముననే మ్రోగును. ఈ రెంటి నడుమ తరుగునది నిద్రయే. చేతిలోని ఫోను ఆ తరుగును మరింత పెంచుచున్నది.

గూడూరు ప్రాంతము నుండి కర్నూలు, ఎమ్మిగనూరు, ఆదోని పట్టణములకు చదువులకై పోవు పిల్లలలో పలువురు తమ యింట కళాశాల మెట్లెక్కిన మొదటివారు. వారివి వాననే నమ్ముకొని సేద్యము చేయు కుటుంబములు. పంట దక్కని యేట ఈ పడమటి సీమ నుండి గుంటూరు మిరప తోటలకు సుగ్గికి పోవువారును కలరు. తమ కష్టము బిడ్డ చదువుతో తీరవలెనని తల్లిదండ్రులు ప్రేమతోనే అందురు. కాని పరీక్ష తప్పిన బిడ్డకు ఆ మాటయే కునుకు పట్టనీయని బరువగును.

మద్యము ప్రవేశించునది తరచుగా ఇచ్చటనే. ఒక గుక్క త్రాగిన నిద్ర పట్టునని తోడివాడు చెప్పును. అందు సగమే నిజము. మద్యము త్వరగా మత్తు కలిగించును గాని మంచి నిద్ర నీయదు. పూర్వరాత్రమున అది కలలతో కూడిన నిద్రను అణచివేయును. అపరరాత్రమున మత్తు దిగగా మాటిమాటికి మెలకువ తెచ్చును. తెల్లవారిన పిదప దిగులు హెచ్చును. ఆ దిగులు పోగొట్టుకొనుటకు మరల సీసాయే గుర్తుకు వచ్చును. ఇట్లు చక్రమున చిక్కినవానిని చెడిపోయినాడని నిందించుట సులభము. ఆ చక్రమును ఎచ్చట ఆపవచ్చునో చూచుట అవసరము.

ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు డాసన్, రీడ్ 1997లో ఒక పరిశోధన ప్రకటించిరి. 17 గంటలు మేలుకొనియున్న వారి చేతి, కంటి పనితనము, రక్తమున 0.05 శాతము మద్యమున్న వారి వలె తగ్గెను. మన దేశమున వాహనము నడుపువారికి చట్టము విధించిన హద్దు 0.03 శాతమే. రాత్రియంతయు మేలుకొని పరీక్షకు పోవు బాలుడు చుక్క ముట్టకున్నను మత్తులోనున్నవాని వలె తడబడును.

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారాపై ఉద్యమించిరి. 1993లో సారా నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చెను. 1997లో ఆ నిషేధము సడలెను. చట్టము విద్యార్థి గది లోపలి వరకు రాజాలదు. అచ్చటికి చేరవలసినది ఇంటివారి ఆదరమే. 12వ శతాబ్దమున హెండద మారయ్య కల్లు అమ్ము వృత్తి నుండి వచ్చి శరణులలో ఒకడై వచనములు చెప్పెను. అట్టివానికి తలుపు మూయని సమాజము, తప్పటడుగు వేసిన తన బిడ్డకు మూయవచ్చునా? దేహమును దేవాలయముగ నెంచిన బసవేశ్వరుని మార్గమున కాయకమెంత ముఖ్యమో, దానికి కావలసిన విశ్రాంతియు అంతే ముఖ్యము.

గృహస్థులు చేయదగినవి కొన్ని కలవు. సెలవు దినములందును ఒకే వేళకు లేచునట్లు పిల్లలకు అలవాటు చేయవలెను. సాయంకాలము తరువాత కాఫీ, టీలు మానిపించవలెను. పడకచోట ఫోను ఉండరాదు. ఇంటికి వచ్చిన బిడ్డను మార్కులు అడుగుటకు ముందు "రాత్రి నిద్ర పట్టుచున్నదా, నాయనా?" అని అడుగవలెను. రెండు వారములకు పైగా నిద్ర, ఆకలి, చదువుపై ఆసక్తి తగ్గినచో వైద్యుని చూపవలెను. చావు మాట వినవచ్చినచో సూటిగా అడుగవలెను. అడిగినందున ఆ తలపు పుట్టదు. అట్టివానిని ఒంటరిగ విడువరాదు. ఆత్మహత్యకు యత్నించినవానిని శిక్షింపక, తీవ్రమైన మానసిక ఒత్తిడికి లోనైనవానిగా భావింపవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. కావున కేసు భయముతో వైద్యము దాచరాదు.

2022లో ఆరంభమైన టెలి మానస్ 14416 సంఖ్యకు రేయింబవళ్ళు ఉచితముగ ఫోను చేసి తెలుగున మాటలాడవచ్చును. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగము కలదు. నిత్యము అధికముగ త్రాగువాడు ఒక్కసారి మానినచో వణుకు, మూర్ఛ రావచ్చును. వైద్యుని పర్యవేక్షణలోనే మాన్పించవలెను. 100 మంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న సంస్థయందు శిక్షణ పొందిన సలహాదారు ఉండవలెనని విశాఖపట్టణపు విద్యార్థిని మరణము కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో ఆదేశించెను. కళాశాలలో చేర్చునాడే తల్లిదండ్రులు ఆ సలహాదారు ఎవరని అడిగి తెలిసికొనవలెను. మఠములందు జరుగు సభలలో పెద్దలు ఈ విషయమును బిడియపడక ప్రస్తావించినచో, ఇండ్లలో మౌనముగ బాధపడు పిల్లలకు నోరు విప్పు ధైర్యము కలుగును.