గ్రూపు వదిలిన మేనకోడలికి

హైదరాబాద్,
20 ఆగస్టు 2025



నీకు ఫెలోషిప్ వచ్చిందని మీ అమ్మ మొన్న రాత్రి ఫోన్ చేసి చెప్పింది. ఆ వెంటనే, నువ్వు బెల్‌ఫాస్ట్ తెలుగు సంఘం కమిటీలోంచీ వాట్సాప్ గ్రూపులోంచీ బయటికి వచ్చేశావని కూడా చెప్పింది. మొదటి మాటకు మీ అత్తయ్య నా నోట్లో పటికబెల్లం పెట్టింది. రెండో మాటకు నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే మామయ్యా, డ్యూటీకి టైమవుతోంది" అని పెట్టేస్తావు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను.

నువ్వు దరఖాస్తులో రాసింది మీ అమ్మ నాకు పంపింది. ఆమె మీద కోప్పడకు. ఆ ఫెలోషిప్‌లో కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు, చైనా వాళ్ళు, పోలండ్ వాళ్ళు, సిరియా నుంచీ సూడాన్ నుంచీ వచ్చినవాళ్ళు, ఇలా తలా ఒక సమాజం నుంచి నలుగురిని నడిపించగలవాళ్ళను ఏరి, నెలకో శని ఆదివారం ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడిస్తారన్నమాట. మంచి పని. కానీ అందులో నీ పేరు పక్కన 'తెలుగు సమాజం తరఫున' అని ఉంది. ఏ సమాజం బిడ్డా? జూన్‌లో నువ్వు వదిలేసి వచ్చిందేనా?

గ్రూపులో ఎవరో ముస్లింల మీద ఏదో చెత్త పంపారనీ, అది తప్పని నువ్వు రాశావనీ, ఒక పెద్దమనిషి 'ఇది పండగల గ్రూపు, ఇక్కడ రాజకీయాలొద్దు' అని నీ నోరే మూయించాడనీ విన్నాను. నువ్వు రాసింది నూటికి నూరు పాళ్ళు సరైనదే. మీ అమ్మమ్మ బతికి ఉంటే ఇంకో నాలుగు కలిపి రాయించేది. నాకు నచ్చనిదల్లా నువ్వు లేచి రావడం. నువ్వు వెళ్ళిపోగానే ఆ గ్రూపులో ఏం జరిగి ఉంటుందో చెప్పనా? ఎవడో చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఉంటాడు, ఇంకొకడు ఉగాది ఫోటోలు పెట్టి ఉంటాడు, అంతా హాయిగా ఊపిరి పీల్చుకుని ఉంటారు.

1990 డిసెంబరు గొడవల తర్వాత మన పాతబస్తీలో శాంతి కమిటీలు వేసిన సంగతి నీకు తెలుసు. పోలీసులు గల్లీకి ఇద్దరు ముగ్గురు పెద్దలను పిలిచేవారు. యూనియన్లో ఉన్నాను, సిటీ బస్సు కండక్టర్‌గా రెండు వైపులా ముఖపరిచయం ఉంది అని నన్నూ పిలిచారు. చాయ్, ఉస్మానియా బిస్కట్లు, బల్ల మీద తెల్లగుడ్డ. హిందూ పెద్దాయన లేచి ముస్లింలను పొగిడేవాడు, ముస్లిం పెద్దాయన లేచి హిందువులను పొగిడేవాడు, ఫోటో తీసేవారు. అక్కడికి వచ్చినవాళ్ళలో ఒక్కడైనా రాయి విసిరినవాడు ఉంటే ఒట్టు! రాళ్ళు విసిరినవాళ్ళు మా గల్లీ అరుగు మీదే కూర్చుని ఉండేవారు. మేం తిరిగి వస్తుంటే "ఏమన్నారన్నా అక్కడ?" అని అడిగేవారు. చాలామంది "ఏముందిరా, మామూలే" అనేసి తలుపేసుకునేవారు.

ఒక్క తాలీం పెద్దాయన, కుస్తీ నేర్పేవాడు, ఆయన మాత్రం ఇంట్లోకి పోయేవాడు కాదు. ఆయన నీకు తెలియదు, నువ్వు పుట్టేటప్పటికే పోయాడు. ఆ అరుగు మీదే ఆ కుర్రాళ్ళ మధ్యే కూర్చుని, అవతలి గల్లీలో కొడుకును పోగొట్టుకున్న తండ్రి ఇవాళ ఏమన్నాడో, ఏం తిన్నాడో, ఎక్కడ మాట ఆగిపోయిందో పూసగుచ్చినట్టు చెప్పేవాడు. "నువ్వు వాళ్ళ మనిషివి" అని వాళ్ళు తిట్టేవారు. తిట్టించుకుని, బీడీ అడిగి తీసుకుని, మర్నాడు మళ్ళీ వచ్చేవాడు. ఆయన్ను తిట్టారే గానీ లేచి పొమ్మని ఎవరూ అనలేదు. ఎందుకో తెలుసా? వాళ్ళ ఇళ్ళలో ప్రతి పెళ్ళికీ, ప్రతి దినానికీ విస్తర్లు ఎత్తింది ఆయనే.

ఇక్కడ కాస్త ఆగు. అసలు విషయం ఇదే. బంతి లేచాక విస్తర్లు ఎత్తేవాళ్ళను ఎవరూ చూడరు అనుకుంటాం. అందరూ చూస్తారు. వడ్డించడానికి పదిమంది పోటీ పడతారు, వడ్డించేవాడిది పెద్దరికం. మోదుగాకు విస్తర్లో మిగిలిన పులుసు కారుతుంటే చీర కుచ్చిళ్ళు బిగించి ఎత్తేదానికి మనిషి దొరకదు. మీ అమ్మమ్మ మా పెళ్ళిళ్ళన్నిటికీ ఆ పని పిల్లలకు అప్పగించేది. అందులోనూ బాగా చదివే పిల్లలకే. నేను ఎస్సెస్సీలో ఫస్టు క్లాసు తెచ్చుకున్న ఏడాది మా పెదనాన్న కూతురి పెళ్ళిలో మూడు బంతులు నాచేతే ఎత్తించింది. అప్పుడు ఏడ్చాను. ఇప్పుడక్కడ కాగితం ప్లేట్లే కదా అంటావు. అయినా ఎవరో ఒకరు నల్ల సంచి పట్టుకుని హాలంతా తిరగాల్సిందే. ఆ అద్దె హాలు తాళాలు తిరిగి ఇచ్చేముందు నేల తుడవాల్సిందే. ఆ సంచి నీ చేతిలో ఉండాలి. ఉగాదికి ఉండాలి, బతుకమ్మకు ఉండాలి, ఎవరి బిడ్డ పుట్టినరోజుకైనా ఉండాలి. మీ ఫెలోషిప్ వాళ్ళు నాయకత్వం గురించి ఏ పుస్తకాలు ఇస్తారో ఇవ్వనీ, ఈ ఒక్క పనీ మానకు. ఎక్కువ చెబుతున్నానని మీ అత్తయ్య వంటింట్లోంచి అంటోంది. ఆమె మాట నువ్వు పట్టించుకోకు.

రెండేళ్ళ కిందట నేను బెల్‌ఫాస్ట్ వచ్చినప్పుడు, కాథలిక్కుల ఇళ్ళనూ ప్రొటెస్టెంట్ల ఇళ్ళనూ విడదీసే కూపర్ వే గోడ దగ్గరికి నన్ను తీసుకెళ్ళావు. మూడంతస్తుల మేడంత గోడ, దాని మీద టూరిస్టులు సంతకాలు చేస్తున్నారు. సాయంత్రమయ్యేసరికి మధ్యలో గేట్లు మూసేస్తారని నువ్వు చెబితే నేను నమ్మలేదు. గోడకు అవతల ఉన్న వీధి పేరు బొంబాయి స్ట్రీట్, పక్కనే కశ్మీర్ రోడ్డు. ఎవడో తెల్లదొర పెట్టిన ఆ పేర్లు చదువుతూ నేను నవ్వుతుంటే, 1969 ఆగస్టులో ఆ వీధినే తగలబెట్టారని నువ్వన్నావు. నవ్వు ఆగిపోయింది. అదే ఏడాది ఇక్కడ జై తెలంగాణ ఉద్యమంలో బడులు మూసేస్తే నేను చదువు లేక గోళీలాడుకున్నాను. 

2023 కల్లా గోడలన్నీ తీసేస్తామని అక్కడి ప్రభుత్వం 2013లో చెప్పిందట. నేను వచ్చిందే 2023లో, గోడ నిక్షేపంగా ఉంది. ఆ పక్కన కాపురం ఉండేవాళ్ళు ఒప్పుకోకుండా తీయరట కదా. అది నాకు న్యాయంగానే తోచింది. గోడ వల్లే రాత్రిళ్ళు నిద్రపోతున్నవాళ్ళను, రాత్రి పూట అక్కడ ఉండనివాళ్ళు వచ్చి "భయపడకండి" అంటే ఏం బావుంటుంది? మీ బ్యాచ్‌లో గోడ పక్కన పుట్టి పెరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళు మాట్లాడేటప్పుడు నోట్‌బుక్ మూసి విను.

నేను బస్సుల మనిషిని కాబట్టి అక్కడ నాకు నచ్చింది ఆ పొడుగు బస్సు, గ్లైడర్. పడమటి బెల్‌ఫాస్ట్ నుంచి తూర్పుకు ఒకే బస్సు, 2018లో వేశారు. జన్మలో ఒకరి వీధి ఒకరు తొక్కనివాళ్ళు అందులో పక్క పక్క సీట్లలో కూర్చుంటున్నారు. ఎవరూ మాట్లాడుకోలేదులే, గమనించాను. 2021 ఏప్రిల్‌లో అదే గోడకు దగ్గర్లో ఒక సిటీ బస్సును ఆపి పెట్రోలు బాంబులు వేసి కాల్చారని చదివినప్పుడు మాత్రం నాకు చేతులు వణికాయి. మంటలు ఎవరు పెట్టినా మొదట కాలేది బస్సే. అక్కడా అంతే, ఇక్కడా అంతే.

నిరుడు ఆగస్టు మొదటి వారంలో నీ ఫోన్ కోసం మేం ఎలా కాచుకుని కూర్చున్నామో నీకు ఇప్పటికీ చెప్పలేదు. డోనెగల్ రోడ్డులో సిరియా నుంచి వచ్చినాయన దుకాణం తగలబెట్టిన వీడియో ఇక్కడ టీవీలో తిప్పి తిప్పి చూపించారు. నువ్వు నైట్ డ్యూటీ దిగి ఆ వీధుల్లోంచే నడిచి వస్తావని మాకు తెలుసు. ఇప్పుడైనా టాక్సీలో వెళ్ళు తల్లీ, డబ్బులు చూసుకోకు. ఈ జూన్‌లో బాలిమీనాలో వలస వచ్చినవాళ్ళ ఇళ్ళ మీద పడ్డప్పుడు 'ఇక్కడ ఫిలిప్పీన్స్ వాళ్ళు ఉంటున్నారు' అని తలుపులకు కాగితాలు అంటించుకున్నారట. ప్రాణభయం, వాళ్ళనేమీ అనలేం. కానీ అది చదవగానే నాకు మన గల్లీ గుర్తొచ్చింది. తొంభైలో తలుపుల మీద సుద్దముక్కతో ఓం రాసుకోమని కుర్రాళ్ళు ఇంటింటికీ వచ్చారు. అందరం రాసుకున్నాం. అందరి తలుపుల మీదా రాత పడగానే పక్కింటి ఖాళీ తలుపు ఎవరూ ఏమీ రాయకుండానే గుర్తయిపోయింది. ఆ తర్వాత మీ అమ్మమ్మ తడిగుడ్డ పట్టుకుని ఆ రాతను ఎలా తుడిచిందో నీకు వందసార్లు చెప్పాను.

మీ వాట్సాప్ గ్రూపు తలుపు మీద కూడా ఇప్పుడు ఏదో రాసి ఉందనుకో. తుడవడానికి నువ్వు లోపల ఉండాలి కదా.

బొంబాయి స్ట్రీట్ పక్కనే క్లోనార్డ్ మఠం ఉంది, నువ్వు నన్ను లోపలికి కూడా తీసుకెళ్ళావు. అక్కడి ఫాదర్ గెరీ రేనాల్డ్స్ గురించి తర్వాత చదివాను. అటు కాథలిక్ చనిపోయినా ఇటు ప్రొటెస్టెంట్ చనిపోయినా, ఆయన ప్రొటెస్టెంట్ పాస్టర్లను తోడు తీసుకుని చావు ఇళ్ళకు వెళ్ళేవాడట. ఆదివారం తన చర్చికి వచ్చేవాళ్ళను వెంటపెట్టుకుని అవతలివాళ్ళ చర్చిలకూ వెళ్ళేవాడట. తానొక్కడే వెళ్ళి మంచివాడనిపించుకోవడం సులువు. తనవాళ్ళను వెంట తీసుకెళ్ళాడు చూడు, అదీ పని.

కాథలిక్కుల నాయకుడు జాన్ హ్యూమ్ సంగతి నీకు నాకంటే బాగా తెలిసి ఉంటుంది. తుపాకులు పట్టినవాళ్ళ పక్షం గెరీ ఆడమ్స్‌తో మాట్లాడుతున్నాడని పత్రికలు దుమ్మెత్తిపోశాయి, సొంత పార్టీలోనే గొణిగారు. 1993 అక్టోబరు చివర గ్రేస్టీల్‌లో ఒక బార్‌లో కాల్పులు జరిగాయి. చనిపోయినవాళ్ళ అంత్యక్రియలకు ఆయన వెళితే, తండ్రిని పోగొట్టుకున్న పిల్ల దగ్గరికి వచ్చి, నాన్న శవపేటిక చుట్టూ కూర్చుని నీ ప్రయత్నం ఫలించాలని ప్రార్థించాం అని చెప్పిందట. ఆయన అక్కడే ఏడ్చేశాడు. ఐదేళ్ళకు ఆయనకూ ప్రొటెస్టెంట్ల నాయకుడు డేవిడ్ ట్రింబుల్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టిన ఆ ట్రింబుల్‌ను సొంతవాళ్ళు ఏం చేశారు? 2005 ఎన్నికల్లో పార్లమెంటు సీటులోనే ఓడించారు. అవతలివాళ్ళతో స్నేహానికి బిల్లు ఎప్పుడూ ఇవతలే వస్తుంది. నీకూ వస్తుంది, కట్టుకోవడానికి సిద్ధంగా ఉండు. కమిటీ మీటింగుకు డబ్బాలో పులిహోర తీసుకెళ్ళడం ఆ బిల్లులో భాగమే.

ఇంకొక మాట. ఆ ఫెలోషిప్ గదిలో నువ్వు 'మా హైదరాబాద్‌లో గంగా జమునా తెహజీబ్' అని మొదలుపెట్టకు. హిందూ ముస్లింలు కలిసిమెలిసి బతకడమనే ఆ మాట నాకిష్టమే, నిజమే కూడా. కానీ దాన్ని అత్తర్లా పూసుకుని వెళితే అవతలివాడు తన ఊరి చెడ్డ చెప్పుకోవడానికి సిగ్గుపడతాడు. మన తెలుగు సంఘంలోనూ కులాల గుంపులున్నాయనీ, ఆంధ్ర పండగా తెలంగాణ పండగా అని హాలు అద్దె దగ్గర కొట్టుకున్నారనీ చెప్పు. నన్ను టాక్సీ ఆయన "నువ్వు కాథలిక్ హిందువువా, ప్రొటెస్టెంట్ హిందువువా?" అని అడిగాడు గుర్తుందా? అక్కడ పాత జోకేనట. నాకు మాత్రం జోకనిపించలేదు. మనకూ అలాంటి లెక్కలే, ఇంటిపేరు అడిగి తేల్చుకుంటాం.

మరీ దిగులు పెట్టకూడదు నిన్ను. 1981లో అక్కడ కొందరు తల్లిదండ్రులు కాథలిక్, ప్రొటెస్టెంట్ పిల్లలు కలిసి చదవాలని ఒక స్కౌట్ హాల్లో 28 మందితో లాగన్ కాలేజీ పెట్టారు. ఇప్పటికీ అలాంటి కలగలుపు బడుల్లో చదివేవాళ్ళు అక్కడ నూటికి పదిమంది కూడా లేరు. అయినా ఆ బడి ఉంది, పెద్దదైంది. మొదటి రోజు ఆ 28 మందిని పంపిన తల్లులు ఇరుగుపొరుగు చేత ఎన్ని మాటలు పడి ఉంటారో! నీ ఫెలోషిప్‌లో అలాంటి తల్లి ఎవరైనా తగిలితే, ఆ ఏడాది ఇంటి చుట్టుపక్కల ఎలా గడిచిందో అడిగి తెలుసుకో. ఆమె చెప్పేది నాకు ఉత్తరంలో రాయి.

బతుకమ్మ సెప్టెంబరు 21న మొదలు. మీ ఫెలోషిప్ వాళ్ళు తొలిసారి మిమ్మల్ని ఆ సముద్రం ఒడ్డు శాంతి కేంద్రం కారిమీలాకు తీసుకెళ్ళేది ఆ వారమేనేమో, తేదీలు చూసుకో. రెండూ ఒకే రోజు పడితే ఏది వదలాలో నేను చెప్పను, మీ అమ్మ చెబుతుంది. ఈ ఆదివారం లోపల సంఘం ట్రెజరర్‌కు ఫోన్ చేయి. గ్రూపు సంగతి ఎత్తకు. హాలు ఎన్ని గంటలకు ఖాళీ చేయాలి, ఎవరు శుభ్రం చేస్తున్నారు అని మాత్రం అడుగు. ఆ ముస్లిం నర్సమ్మాయిని, మనవైపు కర్నూలు పిల్లేనన్నావు కదా, బతుకమ్మకు నువ్వే పిలువు. కమిటీ పిలిచేదాకా ఆగకు.

గోంగూర పచ్చడి, సన్న కారప్పొడి, నీ బీపీ మందు మూడు నెలలకు సరిపడా, మా ఎదురింటివాళ్ళబ్బాయితో పంపిస్తున్నాను. 29న అక్కడ దిగుతాడు. పచ్చడి సీసా రెండు కవర్లలో చుట్టింది మీ అత్తయ్య. కారితే ఆమెనే అడుగు, నన్ను కాదు.

మీ మామయ్య