వంశావళిలో తల్లి వైపు



మన రాజపాళయంలో పందెపు గుర్రాలు లేవు. అయినా మేలుజాతి అన్న మాట మనకు కొత్త కాదు. మన ఊరి పేరు మోస్తున్న తెల్ల వేటకుక్కకు 2005లో తపాలా శాఖ స్టాంపే వేసింది. కానీ వంశపారంపర్యం పాఠం చెప్పేటప్పుడు నేను గుర్రంతోనే మొదలుపెడతాను. గుర్రానికి రాతలో లెక్క ఉంది. థరోబ్రెడ్ జాతి వంశావళి ఇంగ్లండులో 1791లోనే అచ్చయింది.

ఆ జాతిలో సెక్రటేరియట్ అనే గుర్రం 1970 మార్చి 30న అమెరికాలోని వర్జీనియాలో పుట్టింది. తండ్రి బోల్డ్ రూలర్, తల్లి సంథింగ్‌రాయల్. పుట్టకముందే బొమ్మా బొరుసా వేశారు. గెలిచినాయన వేరే పిల్లను కోరుకున్నాడు. ఓడిన పెన్నీ చెనరీకి ఇది దక్కింది. 1972లో మొదటి పందెంలో నాలుగో స్థానంలో వచ్చింది.

మరుసటి ఏడు కెంటకీ డెర్బీలో మైలుంబావు పరుగును పావుమైలు చొప్పున విడదీస్తే వచ్చిన కాలాలు ఇవి: 25.2, 24, 23.8, 23.4, 23 సెకన్లు. మామూలుగా గుర్రాలు చివరికి అలసిపోతాయి. ఇది ప్రతి పావుమైలుకూ వేగం పెంచింది. పావుమైలు సుమారు 402 మీటర్లు. మొదటి, చివరి వేగాలు గంటకు ఎన్ని కిలోమీటర్లో మీరే కట్టి చూడండి. జూన్ 9న బెల్మాంట్‌లో ఒకటిన్నర మైలును 2 నిమిషాల 24 సెకన్లలో ముగించి, రెండో గుర్రాన్ని 31 గుర్రాల పొడవు వెనక వదిలింది. ఆ రెండు రికార్డులూ నేటికీ చెరగలేదు. అదే ఏడాది ఆనియన్ అనే గుర్రం చేతిలో ఓడింది కూడా. ఉల్లిపాయ పేరుతో గుర్రం! మొత్తం 21 పందేలు, 16 గెలుపులు.

అసలు పాఠం ఆ తర్వాతిది. దాని పిల్లల్లో మంచి గుర్రాలు లేకపోలేదు. కొడుకు రైజెన్ స్టార్ 1988లో రెండు పెద్ద పందేలు గెలిచింది. అయినా తండ్రికి సాటి రాలేదు. పేరు నిలిపింది కూతుళ్ళు. ఎ.పి. ఇండీ, స్టార్మ్ క్యాట్, గాన్ వెస్ట్ అనే ప్రసిద్ధ గుర్రాలు మూడూ దాని కూతుళ్ళ కొడుకులే. తండ్రి ఎక్స్ క్రోమోజోమ్ కూతురికే వెళ్తుంది, కొడుక్కి వెళ్ళదు. పెద్ద గుండె ఆ దారిన వస్తుందని కొందరి వాదం, రుజువు కాలేదు. 1989లో అది చనిపోయినప్పుడు గుండె చాలా పెద్దదని పరీక్షించిన వైద్యుడు చెప్పాడు. తూచలేదు గనుక, ప్రచారంలో ఉన్న 22 పౌండ్ల అంకెను నేను బోర్డు మీద రాయను.

ఇక మన కుక్క. పిల్లను కొనేవారు తండ్రి ఎవరిదని అడుగుతారు, తెలుపు చూస్తారు. తల్లి సంగతి అడిగినవారిని నేను తక్కువగా చూశాను. తెలుపు కోసమే ఎంచుకుంటూ పోతే చెవిటి పిల్లలు పుట్టడం ఈ జాతిలో తెలిసిన బాధే. పశువైద్యం చదవబోతున్నవారు సెలవుల్లో ఒక నోటుబుక్కు తెరవండి. ప్రతి ఈతకూ తల్లి పేరు, దాని తల్లి పేరు, పిల్లలు ఎన్ని, చప్పట్లు కొడితే తల తిప్పినవి ఎన్ని అని రాయండి.