బాలింత మనఃక్లేశమును, పాలు చేపుటయు

సూరత్ జిల్లాలోని కడోదరా నేతమిల్లులకును, అద్దకపు మిల్లులకును పేరుగన్నది. సూరత్ ప్రాంతమునకు మరమగ్గముల పనికై తెలంగాణమునుండి పద్మశాలి కుటుంబములు పెక్కు వలసవచ్చినవి. తొలికాన్పు పుట్టినింట జరుగుట తెలుగువారి యాచారము. దూరముచేతను, కూలి పోవునను భయముచేతను అది తప్పినపుడు బాలింత స్థితి యెట్లుండునో యోచింపవలెను. తల్లి చెంత లేదు. ఆసుపత్రిలో మాట గుజరాతీ. పెనిమిటికి రాత్రి పాళి.

ఇట్టి యింట మూడవనాడో నాలుగవనాడో "పాలు లేవు" అను మాట పుట్టును. వెంటనే సీసా వచ్చును. పాలు ఊరుట వేఱు, చేపుట వేఱు. బెదరిన యావు పాలను ఎగచేపునని పశువులను పెంచినవారెల్లరు నెఱుగుదురు. పొదుగు మాత్రము నిండియే యుండును. బాలింత విషయమున నీ యెఱుక మఱపునకు వచ్చుట విచిత్రము. శిశువు చన్ను కుడుచునపుడు తల్లి మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథినుండి ఆక్సిటోసిన్ రక్తమున గలిసి పాలను వెలికి నెట్టును. భయము, నొప్పి, దిగులు దీని నడ్డగించును.

1948లో అమెరికాలో న్యూటన్ దంపతులు ప్రకటించిన పరీక్ష యిందుకు నిదర్శనము. నెమ్మదిగా నున్నపుడు తల్లివద్ద శిశువు సుమారు 168 గ్రాముల పాలు త్రాగెను. ఆమె పాదములను మంచునీట నుంచియు, లెక్కలడిగియు కలవరపెట్టినపుడు 99 గ్రాములే వచ్చినవి. అంత కలవరములోనే ఆక్సిటోసిన్ సూదిమందీయగా 153 గ్రాములు వచ్చినవి. ఒక్క తల్లిపై జరిగిన పరీక్ష గనుక సంఖ్యలను శాసనముగా గొనరాదు. పాలు లోపలనే యున్నవనుట మాత్రము స్పష్టము.

సీసా వచ్చినచో శిశువు కుడుచుట తగ్గును, తగ్గినకొలది పాలూరుటయు తగ్గును. తొలుత లేని కొఱత నిజమగును. కలుషజలముతో గలిపిన పాలవలన విరేచనములు పట్టుకొనును. దీర్ఘమైన కష్టప్రసవము తరువాత పాలు పడుట కొంత యాలస్యమగుటయు గలదు. అపుడును ముఱ్ఱుపాలు పాఱబోయక, బిడ్డను తల్లి యొడలి కానించి, మాటిమాటికి చన్నందీయవలెను.

అయిదవనాటినుండి దినమునకు ఆఱు గుడ్డలైన తడియకున్నను, బిడ్డ మగతగా నున్నను, రెండువారములకు పుట్టిననాటి బరువు తిరిగి రాకున్నను వైద్యునికి చూపవలెను. తల్లి దిగులు రెండు వారములు దాటినను అంతే.

ప్రసవసమయమున గర్భిణి కోరిన తోడు నుంచవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2018లో సూచించినది. కన్నతల్లి రాలేనిచోట, పొరుగున తెలుగును గుజరాతీని ఎఱిగిన పెద్దముత్తైదువ యొకతె యున్న, నొప్పులు రాకమున్నే ఆమెను అడిగి యుంచుకొనవచ్చును.