బాడుగ ఇండ్లు: యజమానుల హక్కులు, బాడుగదారుల రక్షణ
(గ్రామ పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు)

ఒకప్పుడు పల్లెలలో ఇల్లు బాడుగకిచ్చుట అరుదు. ఊరికి వచ్చిన బడిపంతులునకు ఎవరో ఒకరు రెండు గదులు వదలిపెట్టెడివారు. బాడుగ మాట తరువాతి సంగతి. నేడు పరిస్థితి మారినది. వెంకటగిరికోటనే చూడుడు. పలమనేరు, కుప్పము, కోలారు బంగారు గనుల వైపులనుండి దారులు ఇచ్చట కలియును. కర్ణాటక, తమిళనాడు సరిహద్దులు చేరువలోనే ఉన్నవి. కూరగాయల వ్యాపారమునకు, పట్టుపురుగుల పెంపకమునకు ఈ ప్రాంతము పేరొందినది. మండీలలో పనిచేయువారు, లారీ డ్రైవర్లు, ఉపాధ్యాయులు, చిన్న అంగళ్ళవారు బాడుగ ఇండ్లలో కాపురముందురు. వితంతువులకు, వృద్ధులకు ఒక్కొక్కచోట ఆ బాడుగయే జీవనాధారము.

ఇండ్లు పెరిగినవి కాని పద్ధతి ఏర్పడలేదు. "మన మధ్య కాగితమెందుకప్పా?" అని యజమాని అనును. "నీ మాట చాలు లేన్నా" అని బాడుగదారు సరిపెట్టుకొనును. రెండేండ్లు గడచిన పిదప ఇచ్చిన అడ్వాన్సు ఎంతయో ఇద్దరికి రెండు విధములుగా జ్ఞాపకముండును. అప్పుడు తగవు పంచాయతీ సభ్యుని వాకిటికి వచ్చును. కనుక ఈ విషయమున చట్టమేమి చెప్పుచున్నదో సభ్యులు ముందుగా తెలిసికొనుట మంచిది.

పదునొకండు నెలల కాగితము

1960 లో వచ్చిన కట్టడముల బాడుగ నియంత్రణ చట్టము ముఖ్యముగా పురపాలక పట్టణముల కొరకు చేయబడినది. గ్రామములలో సాధారణముగా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే ప్రమాణము. ఆ చట్టము ప్రకారము ఇంటిని నెలవారీ బాడుగకు నోటిమాటపై ఇచ్చుటయు చెల్లును. కాని నోటిమాటకు సాక్ష్యము దొరకుట కష్టము.

"పదునొకండు నెలలకు వ్రాసికొన్నచో రిజిస్ట్రేషను అక్కరలేదు" అను మాట ఊరూర వినబడుచున్నది. ఏడాదికి మించని బాడుగ పత్రములకు కర్ణాటకలో అది చెల్లవచ్చును. మన రాష్ట్రమున చెల్లదు. 1999 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణ ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో స్థిరాస్తి బాడుగ పత్రములు, గడువు ఎంతదైనను, రిజిస్టరు కావలెను. రిజిస్టరు కాని పత్రములోని షరతులను న్యాయస్థానము సాక్ష్యముగా గ్రహింపదు. అతడు ఏ హోదాలో ఆ ఇంట ఉన్నాడని తెలుపుట వంటి కొద్ది అవసరములకే అది పనికివచ్చును. సరిహద్దు గ్రామములలో ఇరుగుపొరుగు రాష్ట్రముల పద్ధతి చూచి మోసపోవువారు పలువురు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునకు ఒక్కసారి వెళ్ళు శ్రమ, ఏండ్ల తరబడి కోర్టునకు తిరుగు శ్రమకంటె మిక్కిలి తక్కువ.

ఒప్పందమున వ్రాయవలసినవి

1. ఇల్లు లేక అంగడి గది హద్దులు, గదుల సంఖ్య, తలుపులు, కిటికీలు, మీటరు మొదలగువాని స్థితి.
2. నెల బాడుగ, చెల్లింపవలసిన తేదీ, పెంపు ఎప్పుడు ఎంత.
3. అడ్వాన్సు మొత్తము, అది తిరిగి ఇచ్చు విధము, అందుండి మినహాయింపదగిన ఖర్చులు.
4. కరెంటు, నీటి ఖర్చులు, ఇంటిపన్ను ఎవరు భరింపవలెను. చేరిన దినమున మీటరు అంకె.
5. చిన్న, పెద్ద మరమ్మతులు ఎవరివి.
6. మరియొకరికి బాడుగకు ఇయ్యవచ్చునా, కాపురపు ఇంట వ్యాపారము చేయవచ్చునా.
7. ఖాళీ చేయుటకు ముందు ఎవరు ఎన్ని దినముల నోటీసు ఇయ్యవలెను.

బాడుగ ముట్టిన ప్రతిసారి రసీదు ఇయ్యవలెను. ఫోను ద్వారా పంపినచో "ఫలానా నెల బాడుగ" అని వ్రాయుట మరువరాదు. యజమాని గుర్తింపుకార్డు నకలు మాత్రమే తీసికొనవలెను. అసలు కార్డును అట్టిపెట్టుకొనరాదు.

మరమ్మతుల విషయము

వానకు ఇల్లు కారినది. బాడుగదారు చెప్పెను, యజమాని వినలేదు. బాడుగదారు బాడుగ ఆపెను. ఇట్టి తగవులు తరచుగా వచ్చును. తాను చేయింపవలసిన మరమ్మతును నోటీసు ఇచ్చిన పిమ్మటను యజమాని తగిన కాలములో చేయింపనిచో, బాడుగదారు తానే చేయించి ఆ ఖర్చును బాడుగలో మినహాయించుకొనవచ్చునని చట్టము చెప్పుచున్నది. బాడుగ మొత్తమును నిలుపుటకు ఇది అనుమతి కాదు. అట్లే బాడుగదారు యజమాని అంగీకారము లేక శాశ్వతమైన కట్టడము కట్టరాదు. వాడుకలో సహజముగా కలుగు అరుగుదల తప్ప, ఇంటిని ఉన్నదున్నట్లు అప్పగింపవలెను.

భోగ్యములో మెలకువ

మన ప్రాంతమున, సరిహద్దు ఆవలనున్న కోలారు వైపునను, భోగ్యమను పద్ధతి కలదు. ఒకేసారి పెద్ద మొత్తమిచ్చి ఇంట చేరుదురు. బాడుగ లేదు, వడ్డీ లేదు. గడువు తీరగానే సొమ్ము తిరిగి ఇచ్చి ఇల్లు తీసికొనవలెను. ఉదాహరణకు ఒక గృహస్థుడు కుమార్తె పెండ్లికై 3,00,000 రూపాయలు తీసికొని మూడేండ్ల భోగ్యమునకు ఇల్లు ఇచ్చెననుకొందము. నూటికి నెలకు రూపాయి వడ్డీ చొప్పున ఆ సొమ్మునకు నెలకు 3,000 అగును. ఆ ఇంటికి బాడుగ 4,500 వచ్చునదైనచో అతడు నెలకు 1,500 నష్టపోవుచున్నాడు. మూడేండ్లకు అది 54,000. పైగా గడువు నాటికి సొమ్ము చేత లేనిచో ఇల్లు చేతికి రాదు. ఇచ్చినవానికి తన సొమ్మూ రాదు.

చట్టము దృష్టిలో ఇట్టిది స్వాధీన తనఖా. 100 రూపాయలు గాని, అంతకు మించి గాని తీసికొన్న ఇట్టి తనఖాకు రిజిస్టరు పత్రము, కనీసము ఇద్దరు సాక్షుల సంతకములు ఉండవలెను. సొమ్ము ఇచ్చువారు ఆ ఇంటిపై ఇదివరకే బ్యాంకు అప్పు ఉన్నదా అని ఈ.సి. తీయించి చూడవలెను. ఇంటిపన్ను రసీదు ఒక్కటే హక్కునకు రుజువు కాదని కూడ గుర్తుంచుకొనవలెను.

ఖాళీ చేయించుట

"ఎక్కువ ఏండ్లు ఉన్నచో ఇల్లు వాడిదే అయిపోవును" అను భయముతో కొందరు యజమానులు తొందరపడుదురు. ఈ భయము సరికాదు. బాడుగదారుగా చేరినవాడు, బాడుగదారుగా ఉన్నంతవరకు, చేరిన నాటి యజమాని హక్కును కాదనుటకు సాక్ష్య చట్టము ఒప్పదు. ఇందుకు రసీదులే యజమానికి కవచము.

వేరు ఒప్పందము లేనిచో నెలవారీ బాడుగను ముగించుటకు 15 దినముల వ్రాతపూర్వక నోటీసు చాలును. దానిని చేతికి ఇచ్చి సంతకము తీసికొనుట గాని, అందినట్లు రుజువు ఉండునట్లు తపాలాలో పంపుట గాని చేయవలెను. అప్పటికిని ఖాళీ చేయనిచో సివిలు కోర్టే మార్గము. సామానులు వీధిలో పడవేయుట, తాళము వేయుట, కరెంటు తీయించుట తగదు. అట్లు బలవంతముగా వెడలగొట్టబడినవాడు 1963 నాటి నిర్దిష్ట పరిహారముల చట్టము క్రింద ఆరు నెలలలోపల దావా వేసి స్వాధీనము తిరిగి పొందవచ్చును. అప్పుడు న్యాయము తన పక్షముననున్న యజమాని సయితము ముద్దాయి స్థానమున నిలువవలసివచ్చును.

పంచాయతీయే యజమాని అయినప్పుడు

పెక్కు పంచాయతీలకు అంగడి గదులు కలవు. వానిని బహిరంగ వేలమున ఇయ్యవలెను. వేలము తేదీని ముందుగా దండోరా వేయించి అందరికి తెలుపవలెను. గది ఒక్కింటికి నెలకు 2,000 చొప్పున ఐదు గదుల బాడుగ ఆరు నెలలు నిలిచినచో బకాయి 60,000 అగును. ఊరి వీధి దీపములకు, కాలువలకు పనికివచ్చు సొమ్ము అది. కావున బకాయిల జాబితాను ప్రతి సమావేశమున చదివించుట మంచిది. సభ్యులు తమవారి పేర గదులు పాడుకొన్నచో బకాయి అడుగుటకు నోరు రాదు. ఊరివారికి చెప్పు నీతిని పంచాయతీ మొదట తన గదులయందు పాటింపవలెను.

సభ్యుల కర్తవ్యము

ఇల్లు ఖాళీ చేయుమని ఆజ్ఞాపించు అధికారము పంచాయతీ సభ్యునకు లేదు; ఇరువురను కూర్చుండబెట్టి మాటలాడించు పెద్దరికము మాత్రము కలదు. అది తక్కువది కాదు. సామరస్యము కుదరనిచో 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద ఏర్పడిన లోక్ అదాలతునకు పంపవచ్చును. అచ్చట కోర్టు రుసుము లేదు. ఉభయుల అంగీకారముతో వెలువడిన తీర్పు సివిలు కోర్టు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఉచిత న్యాయ సహాయము కూడ కలదు.

మరియొక మాట. కులము అడిగి ఇల్లు లేదనుట నేటికిని కొన్నిచోట్ల వినబడుచున్నది. అస్పృశ్యతను మన రాజ్యాంగము 17వ అధికరణము రద్దు చేసినది. బాడుగదారుని గూర్చి అడుగదగినవి అతని నడవడి, చెల్లింపు శక్తి మాత్రమే. ఈ విషయమున సభ్యులు నోరు విప్పి చెప్పినగాని ఊరు మారదు.

ఇంటి యజమానికి ఇల్లు తిరిగి వచ్చునను ధైర్యము, బాడుగదారునకు నడిరేయి వీధిన పడనను ధైర్యము ఉండవలెను. ఒక్క రిజిస్టరు పత్రము, నెలనెలా ఒక రసీదు ఈ రెండు ధైర్యములను కలుగజేయును. వచ్చే గ్రామసభలో ఈ నాలుగు మాటలు చెప్పినచో, రేపు వాకిటికి రాబోవు తగవులలో సగము ఈనాడే తీరిపోవును.