పమాదం, అప్పమాదం: పాత బండి బ్రేకు నేర్పే పాఠం



రోడ్డు మీద బండ్లు గుద్దుకుంటే మనం ‘ప్రమాదం’ అంటాం. పాలిలో ‘పమాదం’ అంటే ఏమరపాటు. రెండూ ఒకే మాట. మనం ఫలితానికి పెట్టుకున్న పేరు పాలిలో కారణానికి ఉంది. పంచశీలాల్లో ఐదోది మత్తును వద్దనేది కూడా అది పమాదానికి తావిస్తుంది గనకే. దానికి విరుగుడు అప్పమాదం, అంటే ఎరుక. దాన్ని ఈసారి బ్రేకు దగ్గర నేర్చుకుందాం.

నాన్న నడిపిన పాత బండి కొన్ని ఇళ్లల్లో ఇంకా మూలన ఉంటుంది. మైసూరులో 1961 నుంచి 1996 దాకా తయారైన జావా, ఎజ్డీ కావచ్చు, రాజ్‌దూత్ కావచ్చు. కోఠి, రాణిగంజ్ దుకాణాల్లో సామాను వెతికి, ఇంటి దగ్గరే దాన్ని బాగుచేసుకోవాలని యువకులకు మోజు. అందరూ ముందు ఇంజను మోగించాలని చూస్తారు. కానీ నడవడం కన్నా ముందు బండికి ఆగడం రావాలి.

బ్రేకు ఎలా ఆపుతుంది?

ఈ బండ్లకు ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ము చక్రంతో పాటు తిరుగుతుంది. లోపల రెండు షూలు తిరగకుండా ఉంటాయి. పెడలు తొక్కితే కడ్డీ లేదా కేబుల్ క్యామ్‌ను తిప్పుతుంది. షూలు విచ్చుకుని డ్రమ్మును రుద్దుతాయి. వేగం వేడిగా మారుతుంది, బండి ఆగుతుంది. ఇదంతా కారణాల గొలుసు. ఒక్క కొక్కెం తెగినా బండి ఆగదు.

గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు 11 మీటర్లు పోతుంది. వేగం రెండింతలైతే బ్రేకు మీద పడే భారం నాలుగింతలు.

పని వరస

1. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, చక్రం విప్పి, షూలున్న ప్లేటు బయటికి తీయాలి.
2. దుమ్మును నోటితో ఊదొద్దు. పాత లైనింగులో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడవాలి. పక్కన పిల్లలుంటే దూరంగా పంపాలి.
3. లైనింగు మందం కొలవాలి. చాలా బండ్లకు 2 మిల్లీమీటర్లు హద్దు. అంతకు తగ్గితే రెండు షూలూ మార్చాలి.
4. క్యామ్‌కు పల్చగా గ్రీజు పెట్టాలి. లైనింగుకు మాత్రం చుక్క కూడా తగలకూడదు.
5. చక్రం ఎక్కించాక బ్రేకు తొక్కి పట్టి ఇరుసు నట్టు బిగిస్తే షూలు మధ్యకు కుదురుకుంటాయి. బ్రేకు వదిలితే చక్రం తేలిగ్గా తిరగాలి.
6. అనుభవమున్న మెకానిక్‌కు చూపించాకే, ఖాళీ వీధిలో నెమ్మదిగా నడిపి పరీక్షించాలి.

కారణం దాకా వెళ్లాలి

బ్రేకు పట్టకపోతే నట్టు బిగించి సరిపెట్టుకుంటాం. నాలుగు రోజులు పనిచేస్తుంది, మళ్లీ అదే కథ. విప్పి చూస్తే లైనింగు నూనెతో తడిసి ఉండొచ్చు. కొత్త షూలు వేసినా అవీ తడుస్తాయి. ఆయిల్ సీల్ ఎక్కడ కారుతోందో చూసి మార్చాలి. బాధ ఉంది, దానికి కారణం ఉంది, కారణం పోతే బాధ పోతుంది, పోగొట్టే దారి ఉంది. నాలుగు ఆర్యసత్యాలు చెప్పేదీ ఇదే.

దసరాకు మన వీధుల్లో టైరు కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తారు, హ్యాండిలుకు మిరపకాయలు కడతారు. ఇంటివాళ్లు క్షేమంగా తిరిగి రావాలన్న ఆశే అది. ఆ ఆశ మంచిదే. కానీ అరిగిన లైనింగు మిరపకాయలు కట్టినంత మాత్రాన మందం కాదు. బాబాసాహెబ్ నాగపూర్‌లో దీక్ష తీసుకున్న 1956 అక్టోబర్ 14 అశోక విజయదశమి. ఏటా ఆ పండుగకు మనింటి బండి బ్రేకులు విప్పి చూసుకుంటే, క్షేమం కోరడమే కాదు, దానికి పూచీ కూడా పడ్డట్టే.

చేతులకు మసి అంటే పనిని తక్కువ పనిగా చూడటం కులం నేర్పిన బుద్ధి. తెలిసి చేసే పని ఏదైనా విద్యే. అమ్మాయిలకూ నేర్పండి.

బ్రేకు మన ఒక్కరి కోసం కాదు. రోడ్డు దాటే ముసలమ్మ మన లైనింగు మందం చూడలేదు. ఆమె తరఫున మనమే చూడాలి. కరుణ అంటే అదే.

చర్చించండి

• మీ బండి బ్రేకు ఆఖరిసారి ఎప్పుడు విప్పి చూశారు?
• మీ ఇంట్లో ఏ సమస్యకు కారణం వదిలేసి నట్టు మాత్రమే బిగిస్తున్నారు?

నమో బుద్ధాయ!